తుపాకీ ఇంటి సామాను కాదండీ బాబూ

దాళ్వా కోతలు అయిపోతున్నాయి. మన అత్తిలి, ఇరగవరం, ఉండ్రాజవరం వైపు ఊళ్లు మారేవాళ్లు ఇప్పుడే బయల్దేరతారు. ఒకాయన ఉన్న రెండెకరాలూ అమ్మేసి అశ్వారావుపేట వైపు పామాయిల్ తోట కొనుక్కుంటాడు. ఇంకొకాయన చేలు కౌలుకిచ్చేసి హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికి పోతాడు. గుమ్మంలోకి లారీ వస్తుంది. మంచాలు, బీరువా, బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీలు ఎక్కుతాయి. కొన్ని ఇళ్లలో తాతగారి జోడుగొట్టాల తుపాకీ కూడా దుప్పట్లో చుట్టుకుని ఎక్కేస్తది. నా గొడవంతా దాని గురించే.

"ఎవడు చూస్తాడండీ, బస్తాల కింద పెట్టేస్తే సరి" అనే పెద్దమనుషులు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. వాళ్లతోనే నా పేచీ.

2024 ఏప్రిల్‌లో మా పెదనాన్న కొడుకు, నాకు అన్నయ్య అవుతాడు, ఇలాగే వెళ్లాడు. లారీ మాట్లాడి పెట్టింది నేనే. డ్రైవరు మా వీధి కుర్రాడే. తాడేపల్లిగూడెం, నల్లజర్ల, కొయ్యలగూడెం, జంగారెడ్డిగూడెం దాటేదాకా ఏ ఇబ్బందీ లేదు. ఎన్నికల కోడ్ మార్చి 16 నుంచి అమల్లో ఉంది, పోలింగ్ మే 13న. సరిహద్దు చెక్‌పోస్టులో డబ్బు, మందు కోసం ప్రతి బండీ దింపి చూస్తున్నారు. బీరువా తెరిపిస్తే చీరల కింద తుపాకీ, హార్లిక్స్ డబ్బాలో పద్నాలుగు తూటాలు. అన్నయ్య వెనక కారులో వస్తూ భోజనానికి ఆగాడు. లారీ దగ్గర ఉన్నది ఆ కుర్రాడొక్కడే. తనకేం తెలీదని ఎంత మొత్తుకున్నా ఎవరు నమ్ముతారు? రాత్రంతా స్టేషన్‌లో కూర్చోబెట్టారు. పోలీసుల్ని నేను తప్పుపట్టను, వాళ్ల స్థానంలో నేనున్నా అదే చేస్తాను.

అసలు సంగతేంటంటే, ఆ తుపాకీ లైసెన్సు పెదనాన్న పేరు మీద ఉంది. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్లు. అన్నయ్య వాదన ఒకటే: "మా నాన్నది, మా ఇంట్లోది, దొంగతనం చేశానా?"

చెయ్యలేదు. కానీ పొలం వారసత్వంగా వచ్చినట్టు తుపాకీ రాదండీ. లైసెన్సు మనిషికిస్తారు, ఇంటికి కాదు. ఆ మనిషి పోయాక దాన్ని ఆలస్యం చెయ్యకుండా పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గరో అప్పజెప్పాలని 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షను చెబుతుంది. తర్వాత వారసుడు తన పేరు మీద లైసెన్సుకి పెట్టుకోవచ్చు. అంతవరకూ బీరువాలో ఉన్నది లైసెన్సు లేని తుపాకీయే. 2019 సవరణ తర్వాత దానికి శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా. తుపాకీ లేకుండా ఒట్టి తూటాలు దొరికినా అదే సెక్షను. ఆ హార్లిక్స్ డబ్బా ఒక్కటి చాలు.

మన పెద్దలకి ఎవరూ చెప్పని మాట ఇంకోటుంది. 2016 నియమాల ప్రకారం లైసెన్సుదారుకి డెబ్బై ఏళ్లు నిండినా, తుపాకీ పాతికేళ్లు తన దగ్గరున్నా, బతికుండగానే తన వారసుల్లో ఒకర్ని చెప్పి వాళ్ల పేరు మీద లైసెన్సు అడగొచ్చు. పెదనాన్నకి డెబ్బై ఆరు. ఒక్క దరఖాస్తు పెట్టి ఉంటే అన్నయ్యకి ఈ తిప్పలు ఉండేవి కాదు.

లైసెన్సున్నాయన బతికే ఉండి, తనే ఊరు మారుతున్నాడనుకోండి. అప్పుడైనా లారీ ఎక్కించడానికి లేదు. ఇంకొకరి తుపాకీ మనం పట్టుకెళ్లాలంటే ఆయన పక్కనుండాలి, లేదా రాసిచ్చిన కాగితం ఉండాలి. అదీ రిపేరుకో, రెన్యువల్‌కో, ఆయన వాడకానికో మాత్రమే. ఇల్లు మారడం ఆ మూడింట్లోకీ రాదు. కాబట్టి తనతోపాటే, ఖాళీగా, గొట్టం విడదీసి, తాళం వేసిన పెట్టెలో పట్టుకెళ్లాలి. తూటాలు వేరే పెట్టాలి, లైసెన్సులో రాసిన లెక్క దాటకూడదు. ఒరిజినల్ పుస్తకం జేబులో ఉండాలి. అందులో యూఐఎన్ నంబరు ఉందా, ఏ ప్రాంతానికి చెల్లుతుందో ఏం రాశారు, ఈ రెండూ బయల్దేరేముందే చూసుకోవాలి. జిల్లా వరకే అని ఉంటే ముందు అనుమతి, తర్వాతే ప్రయాణం. అక్కడికెళ్లాక ముప్పై రోజుల్లోపు కొత్త చోటి అధికారికీ, లైసెన్సిచ్చిన అధికారికీ రాతపూర్వకంగా తెలియజెయ్యాలి. కొత్తగూడెం జిల్లా అయితే కలెక్టరు, హైదరాబాద్ అయితే పోలీస్ కమిషనరు. మన పాత పుస్తకాల మీద ఏలూరు స్టాంపు ఉంటది, 2022 ఏప్రిల్ 4 నుంచి అత్తిలి, ఇరగవరం వాళ్లకి జిల్లా కేంద్రం భీమవరం. అదీ గుర్తుపెట్టుకోండి.

ఆఫీసుల గురించి కూడా అనాల్సిందే. తుపాకీ అప్పజెప్పడానికి నేనొకసారి మా మావయ్య తరఫున ఒక ఆఫీసుకి మూడుసార్లు తిరిగాను. సెక్షన్ గుమస్తా లేడు, రేపు రండి, ఈ ఫారం కాదు. మూడోసారి మావయ్య "పద ఇంటికి, అటక మీద పడేద్దాం" అన్నాడు. నిజాయితీగా వచ్చినవాడికి రసీదివ్వకుండా తిప్పితే దాచుకోవడమే నేర్చుకుంటాడు. చట్టం చేసినవాళ్లు ఆ సంగతి కూడా ఆలోచించాలి. అయినా నాలుగోసారి వెళ్లి రసీదు తెచ్చుకున్నాం.

ఇంతకీ ఆ తుపాకీ ఎందుకు కావాలి? తోటలో పందులు పడతాయంటారు. 1972 వన్యప్రాణి చట్టం కింద పందిని కూడా అనుమతి లేకుండా కాల్చకూడదు. తుపాకీ లైసెన్సుంటే పందిని కాల్చే లైసెన్సు ఉన్నట్టు కాదు. పోనీ హైదరాబాద్ అపార్టుమెంటు ఐదో అంతస్తులో ఏ పందొస్తుంది? అక్కడ మనవలుంటారు, బీరువా తాళాలు ఎక్కడుంటాయో మనకంటే వాళ్లకే బాగా తెలుసు.

నిజం చెప్పాలంటే పరువు కోసం. 1878లో తెల్లవాడు ఆయుధాల చట్టం తెచ్చి మనవాళ్లని లైసెన్సు అడుక్కోమన్నాడు, తనవాళ్లకి మినహాయింపిచ్చుకున్నాడు. ఆ లైసెన్సు దక్కినవాడు ఊళ్లో గొప్పోడయ్యాడు. మనల్ని నమ్మక పెట్టిన చట్టంలోంచి వచ్చిన గొప్పని గోడకి తగిలించుకుని ఇప్పటికీ మురుస్తున్నాం. మన తేమకి ఆ తూటాలు ఎప్పుడో ఉబ్బి ఉంటాయి, గొట్టం తుప్పు పట్టి ఉంటది. పేల్చితే ముందు మన చెయ్యే పోద్ది. ఊరు మారేముందు అప్పజెప్పి రసీదు తీసుకోమనే నేను చెప్పేది. అంత ప్రేముంటే కొత్త ఊళ్లో లైసెన్సు తెచ్చుకుని అప్పుడు పట్టుకెళ్లండి. కాదని లారీ ఎక్కించేవాడు తన పరువు కోసం డ్రైవర్ని జైలుకి పంపడానికి సిద్ధపడ్డట్టే, నేనింకో మాట అనను.

అన్నయ్యకి వచ్చే మంగళవారం మళ్లీ వాయిదా. కుర్రాణ్ణి కేసులోంచి తప్పించి సాక్షిగా పెట్టారు. పిలిచినప్పుడల్లా ఆ రోజు లోడు వదులుకుని వెళ్తున్నాడు. లారీ మాట్లాడింది నేనే కాబట్టి ఆ రోజు కిరాయి నేనిస్తున్నాను. పోయినసారి తీసుకోనన్నాడు, వాళ్లమ్మ చేతిలో పెట్టొచ్చాను.