కేబుల్ వచ్చింది, కొట్టు తలుపు సగమే తెరుచుకుంది

2020 ఆగస్టు 10న చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. సుమారు 2,300 కిలోమీటర్ల ఈ ఆప్టికల్ ఫైబర్ తీగ చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, అక్కడి నుంచి లిటిల్ అండమాన్, కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ వరకు వెళ్తుంది. అంతకుముందు ఆ దీవుల ఇంటర్నెట్ ఉపగ్రహాల మీదే ఆధారపడేది. దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తుకు సంకేతం ఎక్కి దిగాలి కాబట్టి ఒక ప్రశ్న వెళ్లి జవాబు తిరిగి వచ్చేసరికి సుమారు అర సెకను గడిచిపోయేది. గాజు తీగలో కాంతి చెన్నై వెళ్లి రావడానికి సెకనులో యాభయ్యో వంతు కూడా పట్టదు.

ఇంత వేగం వచ్చినా, అక్కడి అంధులకు ఆన్‌లైన్ దుకాణం పూర్తిగా తెరుచుకోలేదు. అడ్డంకి సముద్రంలో లేదు, వెబ్ పేజీలో ఉంది.

విజయవాడలోనో వరంగల్‌లోనో షాపింగ్ యాప్ మొరాయిస్తే వీధి చివర కొట్టు ఉంటుంది. లిటిల్ అండమాన్‌లోని హట్ బేలో అలా కాదు. కావలసిన వస్తువు ఆ ఊరి బజారులో దొరక్కపోతే పోర్ట్ బ్లెయిర్‌కు ఓడ ఎక్కాలి. అది గంటల ప్రయాణం. సముద్రం అల్లకల్లోలంగా ఉన్న రోజుల్లో ఆ ఓడ కూడా కదలదు. చూపు లేనివారికి, చక్రాల కుర్చీలో తిరిగేవారికి ఆ ఓడ ఎక్కి దిగడమే ఒక పరీక్ష. అంటే ఆన్‌లైన్ దుకాణం ఎవరికి అన్నిటికన్నా ఎక్కువ అవసరమో, వారి దగ్గరే అది తడబడుతోంది.

ఎక్కడ తడబడుతోందో చూద్దాం. స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ తెర మీది బొమ్మను చూడదు, దాని వెనకున్న కోడ్‌ను చదివి వినిపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ ఈ పని చేస్తుంది. కంప్యూటర్లలో ఎన్‌వీడీఏ ఉచితంగానే దొరుకుతుంది. సంచి బొమ్మ ఉన్న బటన్‌కు కోడ్‌లో పేరు పెట్టకపోతే వినిపించేది ‘బటన్’ అన్న ఒక్క మాటే. అలాంటివి వరుసగా ఆరు ఉంటే కొనేదేదో, తీసేసేదేదో తెలియదు. మన దేశంలో అమ్మకందారులకు ఇంకో అలవాటుంది. చొక్కా కొలతలు, పదార్థాల జాబితా అన్నీ ఫొటోలోనే అచ్చేసి పెడతారు. ఆ ఫొటోకు వివరణ రాయకపోతే స్క్రీన్ రీడర్‌కు అక్కడ ఏమీ లేనట్టే.

అండమాన్‌కే ప్రత్యేకమైన చిక్కు పిన్‌కోడ్. అక్కడి పిన్‌కోడ్‌లన్నీ 744తో మొదలవుతాయి. కొందరు అమ్మకందారులు వాటికి సరుకు పంపరు. ఆ సంగతి పెట్టె కింద చిన్న ఎర్ర అక్షరాల్లో ప్రత్యక్షమవుతుంది. ‘ఇది కొత్త సందేశం, చదివి వినిపించు’ అని కోడ్‌లో చెప్పకపోతే స్క్రీన్ రీడర్ మౌనంగా ఉండిపోతుంది. వినియోగదారు మాత్రం బటన్ నొక్కుతూనే ఉంటారు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారికి రంగు ఒక్కటే సూచన అయితే అదీ చాలదు.

భాష సంగతి కూడా ఉంది. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. పేజీలోని భాగం తెలుగులో ఉందని కోడ్‌లో ఒక చిన్న గుర్తు పెట్టకపోతే ఇంగ్లిష్ గొంతే తెలుగును చదవడానికి తంటాలు పడవచ్చు, లేదా దాటేసి పోవచ్చు.

ఇక రంగుల లెక్క. అక్షరం కాంతికి, వెనకున్న కాంతికి నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలని డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు చెబుతాయి. తెలుపు మీద నలుపు 21:1. తెలుపు మీద లేత బూడిద రంగు 2.3:1 దగ్గరే ఆగిపోవచ్చు. షరతులు, గడువు తేదీలు ఎందుకో ఎప్పుడూ ఆ లేత బూడిద రంగులోనే ఉంటాయి! జెట్టీ మీద ఎండలో నిలబడి ఫోన్ చూసేవారికి మంచి చూపున్నా అవి కనబడవు. వెబ్‌ఎయిమ్ సంస్థ 2025లో పది లక్షల హోమ్ పేజీలను పరీక్షిస్తే 79 శాతం ఈ ఒక్క అంశంలోనే తప్పాయి.

చట్టం లేదా అంటే ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 46వ సెక్షన్ ప్రైవేటు సేవా సంస్థలకూ వర్తిస్తుంది. భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 17802 ప్రమాణాన్ని రూపొందించింది. నిబంధనలు సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డిజిటల్ సేవల అందుబాటు జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్‌లో మరో తీర్పు వచ్చింది. ఐరోపాలో 2025 జూన్ 28 నుంచి ఆన్‌లైన్ అమ్మకాలకు ఇది చట్టబద్ధమైన షరతు.

చిన్న వ్యాపారులు ఈ భారం మోయలేరన్న వాదన వినిపిస్తుంది. అందులో కొంత నిజముంది. కానీ పోర్ట్ బ్లెయిర్‌లో చేతివృత్తుల వస్తువులు అమ్మే మనిషి కోడ్ రాయరు, పెద్ద వేదిక ఇచ్చిన పేజీలో ఫొటో పెడతారు. బటన్ల పేర్లు, రంగులు, సందేశాలు ఆ వేదిక చేతిలోనే ఉంటాయి. ఒకచోట సరిదిద్దితే వేల దుకాణాలు బాగుపడతాయి. వివరణ లేని ఫొటోను అప్‌లోడ్ కానివ్వకుండా ఆపడమూ వేదికకు చేతనైన పనే. ఒక్క వరుస కోడ్ అతికిస్తే అన్నీ సర్దుకుంటాయనే ప్రకటనలను మాత్రం నమ్మకూడదు. అలా ప్రచారం చేసుకున్న ఒక కంపెనీని 2025లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పది లక్షల డాలర్లు కట్టమంది.

పరీక్ష కూడా ఖరీదైనదేమీ కాదు. యాప్ విడుదల చేసే ముందు దాన్ని తయారుచేసినవారు ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టుకుని, కళ్లు మూసుకుని, 744తో మొదలయ్యే చిరునామాకు ఒక సబ్బు ఆర్డరు చేసి చూడాలి. ఆ తర్వాత అదే పనిని రోజూ స్క్రీన్ రీడర్ వాడే మనిషికి అప్పగించాలి, తగిన ఫీజు ఇచ్చి.