చదువుకి వాయిదాలు మంచివే... సంతకం దగ్గరే జాగ్రత్త!

వాయిదాలంటే మనకి కొత్తేం కాదు. చీరల మూటతో నెలనెలా వచ్చే అతని దగ్గర్నించి స్టీలు సామాను, కుట్టుమిషను, ఫ్రిజ్ దాకా మధ్యతరగతి ఇంట్లో సగం వస్తువులు అలా వచ్చినవే. "మొత్తం ఒక్కసారి కట్టక్కర్లేదమ్మా, నెలకింత" అనగానే మన మనసులో గబగబా లెక్క నడుస్తుంది. అద్దెకింత, పాలకింత, చీటీకింత పోగా ఇది తీర్చగలమా లేదా అని. ఆ లెక్కలో మనల్ని మించినవాళ్ళు లేరు.

అయితే అమ్మేది చీరో ఫ్రిజ్జో కాక, చదువైతే? అక్కడే మన లెక్క తడబడుతుంది. పిల్లల భవిష్యత్తు అనేసరికి బేరమాడడానికి కూడా నోరు రాదు. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టేస్తాం. చదువుని వాయిదాల మీద అమ్మడం ఇవాళ మొదలైంది కాదు. దీని వెనక దాదాపు రెండు వందల ఏళ్ళ కథ ఉంది. విజ్ఞాన సర్వస్వాల్ని, అదే ఎన్‌సైక్లోపీడియాల్ని, సామాన్యులకి అమ్మిన కథ. మనకి పనికొచ్చే పాఠం ఒకటి అందులో ఉంది.

1833లో లండన్‌లో 'పెన్నీ సైక్లోపీడియా' అని ఒకటి మొదలైంది. ఉపయోగపడే విజ్ఞానాన్ని జనంలోకి తీసుకెళ్ళాలని పెట్టుకున్న ఒక సంఘం తరఫున చార్లెస్ నైట్ అనే ప్రచురణకర్త దాన్ని వేశాడు. విజ్ఞాన సర్వస్వం అంటే అంతవరకూ దొరల ఇళ్ళలో అద్దాల బీరువాల్లో ఉండే వస్తువు. నైట్ దాన్ని ముక్కలు చేశాడు. ఒక్కో సంచిక ఖరీదు ఒక పెన్నీ. అప్పటి లెక్కలో పౌనుకి 240 పెన్నీలు. వారం కూలి చేతికి రాగానే ఒక పెన్నీ పెట్టి సంచిక కొనుక్కోవడం, చదివి దాచుకోవడం, తగినన్ని పోగయ్యాక బైండు చేయించుకోవడం. అంతే!

చవక కదా అని నాసిరకం అనుకునేరు. ఇంటర్ చదివే మీ పిల్లల్ని డీమోర్గాన్ సూత్రాలంటే ఏమిటో అడిగి చూడండి. ఆ డీమోర్గానే దీనికి వందలకొద్దీ వ్యాసాలు రాశాడు. ఆయన పుట్టింది ఎక్కడో కాదు, 1806లో మన మధురైలో! అంత పెద్ద గణిత పండితుడు పెన్నీ పుస్తకానికి రాయడం చిన్నతనం అనుకోలేదు.

ఇక అసలు సంగతి. మొదట్లో ఈ సంచికలు 75,000 దాకా అమ్ముడయ్యాయి. కానీ వారానికొకటి చొప్పున వేస్తుంటే మొత్తం పూర్తయ్యేసరికి ఏళ్ళూ పూళ్ళూ పట్టేట్టుంది. అందుకని కొన్నాళ్ళకి వారానికి రెండు, ఆ తర్వాత నాలుగు సంచికలు వేయడం మొదలుపెట్టారు. 1843లో 27 సంపుటాలూ ముగిసేనాటికి కొనేవాళ్ళు 20,000 మందే మిగిలారు!

సంచిక ధర పెరగలేదు, పెన్నీ పెన్నీయే. పెరిగిందల్లా వారానికి చేతిలోంచి పోయే డబ్బు. మానేసినవాళ్ళలో ఓపిక తగ్గినవాళ్ళూ ఉండొచ్చు, కాదనను. కానీ ఇల్లు నడిపే ఏ ఆడదాన్ని అడిగినా అసలు కారణం ఇట్టే చెబుతుంది. వారానికి ఒక పెన్నీ ఎక్కడో అక్కడ మిగిల్చొచ్చు. నాలుగు మిగల్చాలంటే పిల్లల పళ్ళెంలోంచి తీయాలి. 'తక్కువ ధర' వేరు, 'మన రాబడికి సరిపోయే వాయిదా' వేరు. అమ్మేవాళ్ళకి తెలియని ఈ తేడా మనకి తెలుసు.

నైట్‌కి వచ్చిన మరో కష్టం కాగితం మీద సర్కారు వేసిన సుంకం. పేదవాడు చదివే కాగితం మీద పన్నేమిటని ఆయన మొత్తుకున్నాడు. 1861లో గానీ ఆ సుంకం పోలేదు. ఈలోగా ఎడింబరోలో ఛేంబర్స్ అన్నదమ్ములు తమ విజ్ఞాన సర్వస్వాన్ని 1859లో మొదలెట్టి, సంచిక ఒకటిన్నర పెన్నీ చొప్పున 520 వారపు సంచికలుగా 1868కి పూర్తిచేశారు. 520 వారాలంటే అక్షరాలా పదేళ్ళు. చంటిపిల్ల ఉన్న ఇల్లు కొనడం మొదలుపెడితే, ఆ పిల్ల బడికెళ్ళి చదవడం వచ్చేసరికి ఇంట్లో పది సంపుటాల విజ్ఞానం ఉంటుందన్నమాట. దాని పేరులోనే 'ప్రజల కోసం' అని పెట్టుకున్నారు.

ఆ తర్వాత వాయిదాల రూపు మారింది. 1898లో లండన్ 'టైమ్స్' పత్రిక, హూపర్ అనే అమెరికన్ పుస్తక వ్యాపారితో కలిసి, ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా తొమ్మిదో కూర్పుని అమ్మకానికి పెట్టింది. ముందుగా ఒక గినీ, అంటే 21 షిల్లింగులు, కడితే చాలు, సంపుటాలన్నీ ఇంటికొచ్చేస్తాయి. మిగతాది నెలకో గినీ. ఎంత ఉదారం అనిపిస్తుంది కదూ? గుమాస్తాలకీ, బడిపంతుళ్ళకీ అంతవరకూ అందని పుస్తకం అందింది. ఆ మేలు నేను కాదనడం లేదు.

కానీ 'సామాన్యుడికి సులభ వాయిదా' అన్నప్పుడల్లా ఎవరా సామాన్యుడని అడగాలి. లండన్‌లోని లాంబెత్ పేటలో శ్రామికుల ఇళ్ళకి 1909 నించి కొందరు స్త్రీలు వారం వారం వెళ్ళి ఖర్చులు రాసుకున్నారు. ఆ వివరాలతో మాడ్ పెంబర్ రీవ్స్ 1913లో పుస్తకం రాసింది. ఆ మగవాళ్ళ సంపాదన వారానికి 18 నించి 30 షిల్లింగులు. అందులో అద్దె, బొగ్గు, రొట్టె పోను, మరో వాయిదా కూడా కట్టేవారు. అదేమిటో తెలుసా? ఇంట్లో ఎవరైనా పోతే, ముఖ్యంగా పసిపిల్లలు పోతే, పాతిపెట్టడానికి ఖర్చు కోసం బీమా! అటువంటి ఇంటికి నెలకో గినీ అంటే ఇంచుమించు ఒక వారం కూలి మొత్తం. పెన్నీ సంచిక ఆ గుమ్మం దాకా రాగలిగింది. గినీ వాయిదా రాలేకపోయింది.

తేడా డబ్బులోనే కాదు. పెన్నీ సంచిక కొనే ఇంట్లో ఆయనకి జబ్బు చేసిందనుకోండి. ఆ వారం కొనడం మానేస్తారు. ఎవరికీ బాకీ లేరు. కొన్నంతవరకూ పుస్తకం చేతిలో ఉంది. గినీ పద్ధతిలో పుస్తకాలన్నీ ముందే వచ్చాయి నిజమే, వాటితోపాటు అప్పు కూడా వచ్చింది. ఆయనకి జబ్బు చేసినా, ఉద్యోగం పోయినా వాయిదా ఆగదు. రెంటినీ 'వాయిదాలు' అనే అంటాం. కానీ మొదటిది కొనుక్కోవడం, రెండోది అప్పు చేయడం.

ఆ రెండో పద్ధతికి గుమ్మం దగ్గర తీపి మాటలు కూడా తోడైతే ఎలా ఉంటుందో అమెరికాలో చూశారు. అక్కడ ఇంటింటికీ తిరిగి అమ్మేవాళ్ళలో కొందరు అమ్మడానికి వచ్చామని చెప్పేవారు కాదట, ఏదో సర్వే అని లోపలికి వచ్చేవారట. దీనిమీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1976లో బ్రిటానికా కంపెనీకి ఉత్తర్వు ఇచ్చింది. తాము అమ్మడానికే వచ్చామని తెలిపే కార్డు ముందు చూపించాకే గుమ్మం దాటాలని! కంపెనీ కోర్టుకెళ్ళినా 1979లో ఆ ఉత్తర్వే నిలబడింది. ఇంటికొచ్చి అమ్మినవాటిని మూడు రోజుల్లోగా వద్దనుకుని రద్దు చేసుకునే హక్కు 1974 నించీ అక్కడ అమలులో ఉంది. ఆ మూడు రోజుల విలువ మనకి వేరే చెప్పాలా? మొహమాటానికి ఊఁ అనేసి, అతను వెళ్ళాక గుండెలు పట్టుకునేది మనమే కదా!

అదే అమెరికాలో ఇంకో మంచి దారి కూడా కనిపిస్తుంది. 1953 నించి 'ఫంక్ అండ్ వాగ్నల్స్' విజ్ఞాన సర్వస్వాన్ని సూపర్ మార్కెట్లలో సంపుటాల లెక్కన అమ్మారు. ఉప్పూ పప్పూ కొనుక్కుంటూ ఆ బుట్టలోనే ఒక సంపుటం వేసుకోవడం. మొదటి సంపుటం మరీ చవగ్గా ఇచ్చేవారు, అదీ వ్యాపార ఎత్తుగడేలెండి. అయినా సంతకం లేదు, బాకీ లేదు. ఇల్లాలు తన సరుకుల డబ్బులోంచి, ఎవర్నీ అడగకుండా తెచ్చుకోగలిగిన విజ్ఞాన సర్వస్వం అది. తర్వాత 1993లో మైక్రోసాఫ్ట్ వాళ్ళు కంప్యూటర్ కోసం 'ఎన్‌కార్టా' తయారు చేసినప్పుడు తీసుకున్నది ఈ కిరాణా కొట్టు పుస్తకంలోని విషయాన్నే!

మన తెలుగువాళ్ళ సంగతీ చెప్పుకోవాలి. 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నిలబెట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారు, తర్వాత 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము' తలకెత్తుకున్నారు. ఆయన అక్కగారే భండారు అచ్చమాంబ. బడి మొహం చూడకుండా, తమ్ముడి పక్కన కూర్చుని చదువు నేర్చుకుని, స్త్రీల జీవిత చరిత్రలు రాసిన మనిషి. ఇంట్లోకి వచ్చిన పుస్తకం ఒక ఆడదాన్ని ఏం చేయగలదో ఆ తమ్ముడు కళ్ళారా చూశాడు. మూడు సంపుటాలు వచ్చాక, పని ముగియకుండానే 1923లో ఆయన కన్నుమూశారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు తర్వాత దాన్ని అందుకున్నారు. విడివిడిగా వచ్చే పుస్తకాలతో ఉన్న చిక్కు ఇదే, మొదలైంది పూర్తవుతుందన్న పూచీ లేదు. అయినా ఆ మూడూ కొన్నవాళ్ళకి మూడూ మిగిలాయి. ఇచ్చిన డబ్బు పుస్తకంగానే ఉంది.

ఇప్పుడు అచ్చు విజ్ఞాన సర్వస్వాల రోజులు పోయాయి. అమెరికాలో 1990లో లక్షా ఇరవై వేల సెట్లు అమ్ముడైన బ్రిటానికా, 2012లో ఇక అచ్చు వేయమని ప్రకటించింది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా ఫోనులోనే పైసా ఖర్చు లేకుండా దొరుకుతోంది. మరి ఈ పాత కథంతా ఎందుకంటారా?

పుస్తకం పోయింది గానీ, అమ్మే పద్ధతి పోలేదు. అపార్టుమెంటు గేటు దగ్గర టాబ్ పట్టుకుని, "మీ బాబుకి ఉచితంగా పరీక్ష పెడతాం" అంటూ వచ్చేవాళ్ళున్నారు. పిల్లవాడి ముందే మార్కులు చూపించి, "మ్యాథ్స్‌లో వెనకబడ్డాడండీ" అంటారు. తల్లి మొహం చిన్నబోయిన ఆ క్షణంలోనే, "మూడేళ్ళ కోర్సు, నెలకి ఇంతేనండీ" అంటారు. ఆ 'నెలకి ఇంతే' వెనక మన పేర ఏదో ఫైనాన్సు కంపెనీ అప్పు ఉంటుంది. పిల్లవాడు రెండో నెలలో చూడటం మానేసినా బ్యాంకులోంచి డబ్బు పోతూనే ఉంటుంది. ఈ బాధ మా వీధిలోనే రెండిళ్ళు పడ్డాయి. 2021 డిసెంబరులో కేంద్ర విద్యాశాఖే తల్లిదండ్రుల్ని హెచ్చరించింది, ఖాతాలోంచి దానంతటదే డబ్బు పోయే ఏర్పాటుకి ఒప్పుకోవద్దని.

అలాగని వాయిదాలే వద్దనే పెద్దమనుషుల మాట నాకు నచ్చదు. "ఉంటే కొనాలి, లేకపోతే ఊరుకోవాలి" అనడం ఉన్నవాళ్ళకి తేలిక. ఊరుకుంటే చదువు మళ్ళీ అద్దాల బీరువాలోకే పోతుంది. ఒక్కసారి పెద్ద మొత్తం తీయలేని ఇంటికి కొంచెం కొంచెంగా కొనుక్కునే దారి ఉండి తీరాలి. ఎటొచ్చీ అది పెన్నీ దారిలా ఉండాలి.

కాబట్టి ఈసారి ఎవరైనా చదువు అమ్మడానికి వస్తే, 'నెలకెంత' అని కాదు, ఈ నాలుగూ అడుగుదాం. మొత్తం కలిపి ఎంతవుతుంది? మధ్యలో మానేస్తే ఇంకా కట్టాలా? అప్పటిదాకా కట్టినదానికి మా చేతిలో ఏం మిగులుతుంది? ఈ కాగితం మీకు ఇస్తున్న డబ్బుకా, ఇంకెవరి దగ్గరో చేస్తున్న అప్పుకా? అప్పే అయితే, ఫోనులో తీసుకునే అప్పుని మొదట్లోనే వద్దనుకుని, అసలూ ఆ కొద్ది రోజుల ఖర్చూ మాత్రం కట్టి, జరిమానా లేకుండా బయటపడే వ్యవధి ఉండాలని రిజర్వు బ్యాంకు 2022లోనే నిబంధన పెట్టింది. ఆ వ్యవధి ఎన్ని రోజులో కూడా అడగండి.

నాలుగింటికీ సూటిగా జవాబు చెబితే సంతోషం, ఆలోచిద్దాం. నసిగితే మాత్రం, "ఆయన వచ్చాక చెబుతాం" అని మన నిర్ణయాన్ని ఆయన మీదకి తోసేయడం కూడా వద్దు. "మాకు వద్దండీ" అని మనమే చెబుదాం. ఇంటి లెక్క మనదైనప్పుడు, ఆ మాటా మనదే కావాలి.