ఊరికి ఎంత చాలు? ఆ లెక్క ఎవరు వేయాలి?

ఒక ఊళ్లో పేదలెవరో తేల్చడానికి ఎంత కాలం పడుతుంది? రేషన్ కార్డుకు దరఖాస్తు పెట్టి సర్వే కోసం ఎదురుచూసిన వాళ్లను అడిగితే ఏళ్లు పడుతుందంటారు. 1990ల మధ్యలో జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో ఈ పనిని నేల మీద ముగ్గు వేసి తేల్చారు. ఊరి పటం గీశారు, ఇళ్లు గుర్తించారు. ఎవరికి భూమి ఎంత, పశువులున్నాయా, ఏడాది పొడవునా తిండి దొరుకుతుందా అని అందరి ముందూ మాట్లాడుకుని, ఏ ఇల్లు ఎంత పేదదో ఊరివాళ్లే నిర్ణయించారు. పక్కింటివాళ్లు చూస్తుండగా అబద్ధం చెప్పడం కష్టం.

ప్రపంచంలో ఇప్పుడు ‘పోస్ట్ గ్రోత్’ పేరుతో జరుగుతున్న వర్క్‌షాపుల గురించి చెప్పాలంటే ఈ ముగ్గు దగ్గర మొదలుపెట్టడమే నయం.

పోస్ట్ గ్రోత్ అంటే?

జీడీపీ ఏటా పెరుగుతూ పోవడమే దేశానికి లక్ష్యం కాకూడదనే ఆలోచన ఇది. అందరికీ తిండి, నీళ్లు, వైద్యం, చదువు అందాలి, అదే సమయంలో నేల, నీరు, గాలి తట్టుకోగలిగిన హద్దు దాటకూడదు అంటుంది. బ్రిటిష్ ఆర్థికవేత్త కేట్ రావర్త్ 2012లో ఈ రెండు హద్దులనూ గారె ఆకారంలో గీసి చూపించారు. ఆవిడ దాన్ని డోనట్ అన్నారు. 2020లో ఆమ్‌స్టర్‌డామ్ నగరం తన ప్రణాళికల్లోకి దాన్ని తీసుకుంది. మనకు ఇది పూర్తిగా కొత్త కాదు. గాంధీతో కలిసి పనిచేసిన జె.సి. కుమారప్ప 1940ల్లోనే ఇలాంటి ఆర్థిక వ్యవస్థ గురించి పుస్తకం రాశారు.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజంగా వస్తుంది. ఉన్నవాళ్లు తగ్గించుకోమంటే అర్థం ఉంది, లేనివాళ్లు ఏం తగ్గించుకోవాలి? ఊళ్లో ఆస్పత్రి లేదు, బస్సు రాదు. అక్కడికి వెళ్లి వృద్ధి వద్దంటే ఎవరు వింటారు? నిజమే, వినరు, వినక్కర్లేదు కూడా. అందుకే మన దగ్గర ఇలాంటి సమావేశాల్లో ‘తగ్గించుకోవడం’ అనే మాట ఎక్కువగా వినపడదు. మా ఊరికి ఏది కావాలి, ఎంత చాలు, ఆ నిర్ణయం ఎవరి చేతుల్లో ఉంది అనే ప్రశ్నలే ముందుకొస్తాయి.

ఆ వర్క్‌షాపుల్లో ఏం జరుగుతుంది?

దేశంలో ఈ తరహా సమావేశాలకు ఎక్కువగా తెలిసిన పేరు ‘వికల్ప్ సంగమ్’. మొదటిది 2014 అక్టోబరులో అనంతపురం జిల్లా (ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా) చెన్నేకొత్తపల్లి దగ్గరి టింబక్టులో జరిగింది. 1990లో 32 ఎకరాల బంజరుతో మొదలై, తర్వాత మహిళల పొదుపు సహకార సంఘాలు, చిరుధాన్య రైతుల సహకార సంఘం దాకా ఎదిగిన టింబక్టు కలెక్టివ్ ఉన్న చోటు అది. ఆ తర్వాత రాష్ట్రాలవారీగా, తిండి, ఇంధనం, యువత వంటి అంశాలవారీగా చాలా సంగమాలు జరిగాయి.

ఉపన్యాసాలు అక్కడా ఉంటాయి. అయితే అసలు పని, క్షేత్రంలో పనిచేసేవాళ్లు తమ పనిని తామే పరీక్షకు పెట్టుకోవడం. దానికి ఐదు కోణాలున్నాయి. ప్రకృతి, రాజకీయ అధికారం, ఆర్థికం, సామాజిక న్యాయం, సంస్కృతి–జ్ఞానం. ఆదాయం పెరిగింది సరే, ఆడవాళ్ల మీద చాకిరీ కూడా పెరిగిందా? నిర్ణయాలు అందరూ చేస్తున్నారా, ఇద్దరు ముగ్గురేనా? లాభం పెద్దవాళ్ల దగ్గరే ఆగిందా? కచ్ చేనేత కార్మికులతో ఈ పద్ధతిలో అధ్యయనం చేసినప్పుడు మంచీ చెడూ రెండూ బయటపడ్డాయి. యువకులు మగ్గం దగ్గరికి తిరిగి వస్తున్నారు, నేతగాళ్ల గౌరవం పెరిగింది. కానీ పని ఇచ్చేవాళ్లకూ కూలికి నేసేవాళ్లకూ మధ్య తేడా ఉంది, మార్కెట్ దూరమైన కొద్దీ పర్యావరణ భారమూ పెరిగింది. ‘విజయగాథ’ అని రాసేసి ఊరుకుంటే ఈ రెండో సగం కనపడేది కాదు.

మన డ్వాక్రా సంఘాలకు శిక్షణ అనగానే గుర్తొచ్చేది బ్యాంకు లింకేజీ, రుణం, వాయిదా. అవి అవసరమే. అయినా ఇన్నేళ్ల శిక్షణల్లో, అప్పు తీసుకుని ఏం ఉత్పత్తి చేస్తున్నాం, ఎవరి కోసం అనే చర్చకు దొరికిన సమయం చాలా తక్కువ.

జహీరాబాద్ చెప్పిన పాఠం

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. అదే ఏడాది జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) మొదలైంది. రెండు రూపాయల బియ్యం లక్షల ఇళ్లలో ఆకలి తీర్చాయి, ఆ మాటను చిన్నది చేయకూడదు. కానీ జొన్నలు తినే మెట్ట ప్రాంతంలోకి ఎక్కడినుంచో బియ్యం చౌకగా వచ్చేసరికి, పక్కనున్న చేను బీడు పడినా ఎవరికీ పట్టని పరిస్థితి వచ్చిందని డీడీఎస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీశ్ వాదించేవారు. ఆయన 2023 మార్చిలో కన్నుమూశారు.

దీనికి సంఘాల మహిళలు వెతికిన దారే ప్రత్యామ్నాయ రేషన్. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ఇచ్చిన డబ్బును 30కి పైగా ఊళ్లలో చిన్న రైతులకు అప్పుగా ఇచ్చారు. సుమారు 2,700 ఎకరాల బీడు భూముల్లో దున్నకానికి, పెంటకు అది ఖర్చయింది. రైతులు అప్పును జొన్నల రూపంలో కొన్నేళ్లలో తీర్చారు. ఆ గింజలను ఊళ్లోనే నిల్వ చేసి, ముగ్గు పటం మీద పేదలుగా తేలిన ఇళ్లకు బజారు ధరకంటే తక్కువకు అమ్మారు. ఎక్కువ పేదలకు ఎక్కువ గింజలు. అమ్మగా వచ్చిన సొమ్ము మళ్లీ ఊరి నిధిలోకే వెళ్లింది. మొత్తం నిర్వహణ మహిళల కమిటీలదే. ఈ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

దీన్ని రాష్ట్రమంతటా యథాతథంగా అమలు చేయొచ్చని నేననను. వెనక ఒక సంస్థ ఏళ్ల తరబడి నిలబడింది, వారం వారం సంఘాల్లో మాటలు నడిచాయి. కానీ ఒకటి గమనించాలి. ఆ మాటల పక్కన డబ్బు ఉంది, నిర్ణయాధికారం ఉంది. చర్చలో తేలింది మర్నాడు చేలో అమలైంది. ఆ రెండూ లేని వర్క్‌షాపు మధ్యాహ్న భోజనంతో, గ్రూప్ ఫొటోతో ముగుస్తుంది.

2013 ఆహార భద్రత చట్టం చిరుధాన్యాలను కిలో రూపాయికి ఇచ్చే వీలు కల్పించింది. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకొన్నాం. అయినా తెలంగాణలో రేషన్ అంటే బియ్యమే. 2025 ఏప్రిల్ నుంచి మనిషికి నెలకు ఆరు కిలోల సన్న బియ్యం ఇస్తున్నారు, జనం సంతోషంగా తీసుకుంటున్నారు. జహీరాబాద్ మెట్టలో ఆ ఆరు కిలోల్లో ఒక కిలో జొన్నలుండాలా అని అడగడానికి మాత్రం ఏ వేదికా లేదు.

ప్రభుత్వ వేదిక ఉంది కదా?

కాగితం మీద ఉంది. 2018 నుంచి ఏటా అక్టోబరు 2న ప్రజా ప్రణాళిక ప్రచారం మొదలవుతుంది. పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక గ్రామసభలో తయారు కావాలి. మహిళా సంఘాలు పేదరిక నిర్మూలన ప్రణాళిక రాసి దానికి జత చేయాలి. ఊరికి ఎంత చాలు అని మాట్లాడుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు ఉండదు.

చిక్కు డబ్బు దగ్గర వస్తుంది. 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు చేయాలన్న నిబంధన పెట్టారు. ఊరు తన ఇష్టప్రకారం వాడుకోగలిగింది మిగతా 40 శాతం. 1996లో కేరళ ప్రజా ప్రణాళిక మొదలుపెట్టినప్పుడు రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇస్తామని ముందే ప్రకటించింది. ఆ తర్వాతే ఊరూరా శిక్షణలు, అభివృద్ధి సెమినార్లు పెట్టింది. చేతికి డబ్బు వస్తుందని తెలిసింది కాబట్టి జనం వచ్చి కూర్చున్నారు.

భూమి విషయానికి వస్తే ఊరి మాట ఇంకా పలచబడుతుంది. చిరుధాన్యాల సంఘాలున్న న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లోనే 12,635 ఎకరాల్లో జాతీయ పెట్టుబడులు, ఉత్పత్తుల మండలి (నిమ్జ్) ప్రతిపాదన ఉంది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం జహీరాబాద్ పారిశ్రామిక నగరం తొలి దశకు 3,245 ఎకరాలు, రూ.2,361 కోట్లతో ఆమోదం తెలిపింది. ఉద్యోగాలొస్తాయన్న ఆశ అక్కడి యువతకు ఉంది, అది తప్పు కాదు. కానీ 2013 భూసేకరణ చట్టంలో ఉన్న సామాజిక ప్రభావ అంచనా నుంచి కొన్ని రకాల ప్రాజెక్టులను మినహాయించే వీలును తెలంగాణ తన సవరణ చట్టంతో 2017లో తెచ్చుకుంది. ఊరంతా కూర్చుని చేను పోతే ఏం పోతుంది, ఫ్యాక్టరీ వస్తే ఏం వస్తుంది అని లెక్క చూసుకునే ప్రక్రియ అదే. దాన్ని దాటవేసే వీలు ఉంచుకుని, మరోపక్క జనానికి ప్రణాళికా రచనలో శిక్షణ ఇవ్వడం ఎవరి కోసమో అర్థం కాదు.

మీ పంచాయతీ ఈ ఏడాది ఏం ప్రణాళిక పెట్టిందో ఈ–గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైట్‌లో ఊరి పేరుతో వెతికి చూడొచ్చు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం రెండు నెలలకోసారైనా గ్రామసభ జరగాలి. జరిగిన సభల తీర్మానాల పుస్తకం పంచాయతీ కార్యదర్శి దగ్గర ఉంటుంది. మహిళా సంఘం ఇచ్చిన పేదరిక నిర్మూలన ప్రణాళికలోని పనుల్లో ఎన్ని అసలు ప్రణాళికలోకి ఎక్కాయో, ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.