పదకొండు రూపాయల పాట

మొన్న గిద్దలూరులో ఒక పెళ్లి ఊరేగింపు. డీజే పెట్టెలు ‘సైరా’ పాటతో దద్దరిల్లుతున్నాయి. చిందులేస్తున్న కుర్రాణ్ణి పక్కకు పిలిచి, ‘ఎవర్రా ఈ నరసింహారెడ్డి?’ అన్నాను. ‘తెలీదా తాతా, చిరంజీవి!’ అన్నాడు.

వాణ్ణి ఏమనగలను? చిరంజీవి ‘సైరా నరసింహారెడ్డి’ సినిమా వచ్చింది 2019లో. దానికి పేరిచ్చిన పల్లవి మాత్రం అంతకు ఎన్నో ఏళ్ల ముందునుంచీ రేనాటి కోలాటాల్లో, అడుక్కుతినేవాళ్ల గొంతుల్లో తిరుగుతోంది. తంగిరాల వెంకట సుబ్బారావు ‘రేనాటి సూర్యచంద్రులు’లో ఆ కథనంతా పుస్తకానికెక్కించారు కాబట్టి సరిపోయింది.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి ఈస్టిండియా కంపెనీవాళ్లిచ్చే తవర్జీ, అంటే భరణం, నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. కోయిలకుంట్లలో అది ఇవ్వకపోగా అవమానించారు. 1846 జూలైలో ఖజానా మీద పడ్డాడు. ఆ నెలలోనే మన గిద్దలూరు దగ్గర కంపెనీ సైన్యంతో తలపడి నల్లమల ఎక్కాడు. 1847 ఫిబ్రవరి 22న ఉరి తీశారు. తలను మాత్రం 1877 దాకా, ముప్పయ్యేళ్లు, కోట గుమ్మానికి వేలాడనిచ్చారు. జనం జడుసుకోవాలని. జనమేమో పాట కట్టారు.

కట్టిందెవరు? పేరు లేదు. అమెరికాలోనూ ఇదే వరస. 1903 ప్రాంతంలో మిసిసిపీలోని టట్‌వైలర్ స్టేషన్‌లో ఒక నల్లజాతి బైరాగి గిటారు తీగల మీద కత్తి జార్చి పాడుతుంటే డబ్ల్యు.సి. హ్యాండీ అనే సంగీతకారుడు విన్నాడు. 1914లో ‘సెయింట్ లూయిస్ బ్లూస్’ అచ్చేసి ‘బ్లూస్ పితామహుడు’ అనిపించుకున్నాడు. ఆ కత్తి గిటారువాడి పేరు ఎక్కడా లేదు. మనవైపు పితామహుడి కుర్చీలో హీరో కూర్చున్నాడు, అంతే తేడా.

పైగా నరసింహారెడ్డి కథంతా కర్నూలోళ్లదంటారు. గిద్దలూరు, మార్కాపురం 1970 దాకా కర్నూలు జిల్లావే కదయ్యా! జిల్లా మారితే జ్ఞాపకం కూడా మారాలా?

ఇంతలో ఊరేగింపు ఆగింది. నీళ్ల ట్యాంకరు వస్తోంది. పెళ్లికొడుకు కారు కూడా పక్కకు జరిగి దారిచ్చింది. మా దాహం తీర్చాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన 1996లో. కొండ కింద 18 కిలోమీటర్ల పైచిలుకు సొరంగాలు రెండు, రావలసిన కృష్ణ నీళ్లు 43.5 టీఎంసీలు. పదకొండు రూపాయల మీద పాట కట్టిన నేల ఇది. ఇన్నేళ్ల దాహం మీద ఒక్క పల్లవి కూడా నా చెవిన పడలేదు. ట్యాంకరు వెళ్లిపోగానే డీజే మళ్లీ మొదలైంది, అదే పాట.