పైన చెక్క... కింద చెమ్మ!

మైదుకూరులో ఏ పాత ఇంట్లో అడుగుపెట్టినా కాలికి తగిలేది కడప బండ. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు గనుల నుంచి వచ్చిన నల్లరాయి. ఎండాకాలం మధ్యాహ్నం చాప కూడా లేకుండా దానిమీద నడుం వాల్చే సుఖం తెలిసినవాళ్లకు ఆ బండను కప్పేయాలంటే మనసొప్పదు. అయినా పట్నం నుంచి వచ్చే పిల్లలకు పడగ్గదిలో చెక్కలాంటి నేల కావాలి. 'బండ పగలగొట్టే పనిలేదు, పైనే లామినేట్ వేసేస్తాం' అంటాడు షాపువాడు. నిజమే. కానీ ఆ బండ కింద ఏముందో ఎవరైనా అడిగారా?

పాతకాలం మేస్త్రీలు మట్టి నింపి, నీళ్లుపోసి, దిమ్మిసతో అణిచి, ఇసుకో సున్నమో పరిచి దానిమీద బండలు వేసేవారు. నేల చెమ్మను ఆపే పొర సాధారణంగా ఉండదు. బండ గట్టిదే, సందుల్లోంచే చెమ్మ పైకొస్తుంది. ఇన్నాళ్లూ గాలికి ఆరిపోయింది కాబట్టి కనపడలేదంతే. కేసీ కాలువ కింది మడికి ఆనుకున్న ఇళ్లలో, అక్టోబరు, నవంబరు వానల్లో ఇది మరీ ఎక్కువ.

లామినేట్ అసలు చెక్కే కాదు. 1977లో స్వీడన్‌లోని పెర్‌స్టార్ప్ కంపెనీ రూపొందించిన సరుకు. కలప పీచును గట్టిగా ఒత్తి పలకగా చేసి, పైన చెక్క బొమ్మ అచ్చేసిన కాగితం అతికిస్తారు. పైపూత గీతలు పడనంత గట్టిది. లోపలి పీచు మాత్రం నీరు పీలిస్తే ఉబ్బుతుంది, ఆరినా మళ్లీ మునుపటిలా కాదు. పెట్టిన డబ్బంతా వృథా!

అందుకే పని మొదలుపెట్టేముందు అడుగున్నర పాలిథిన్ ముక్కను బండల సందు మీద పరిచి, నాలుగంచులూ టేపుతో అతికించి ఒకరోజు వదిలేయండి. స్నానాలగది గోడ దగ్గరా, గది మూలా కూడా ఇలాగే చూడాలి. కింద నీటి బొట్లు కనిపించినా, రాయి రంగు నల్లబడినా చెమ్మ ఉన్నట్టే. అది ఎక్కణ్నుంచి వస్తోందో చూసి బాగుచేయించాకే లామినేట్ సంగతి.

తర్వాత మట్టం. రెండు మీటర్ల తిన్నని బద్ద పెడితే దాని కింద 3 మిల్లీమీటర్లకు మించి సందు ఉండకూడదు. చేత్తో చెక్కిన బండల్లో ఇంత నునుపు అరుదు. పల్లం ఉన్నచోట మందపాటి ఫోమ్ వేస్తే సరిపోతుందని కొందరు పనివాళ్లు అంటారు. నమ్మకండి. మెత్తటి ఫోమ్ కాలి బరువుకు కుంగి, పలకల అతుకులు విరుగుతాయి. పల్లాన్ని సిమెంటు లెవెలింగుతోనే పూడ్చాలి, అది పూర్తిగా ఆరాలి.

ఇక పొరలు. ముందు 200 మైక్రాన్ల పాలిథిన్ షీటు. ఒకదానిమీద ఒకటి జానెడు ఎక్కేలా పరిచి టేపు వేసి, గోడల దగ్గర కొంచెం పైకి మడవాలి. దానిమీద 2, 3 మిల్లీమీటర్ల ఫోమ్. దీన్ని మాత్రం ఒకదానిమీద ఒకటి ఎక్కించకుండా అంచుకు అంచు ఆనించాలి. పలకలకే ఫోమ్ అతికించి వస్తే ఇంకో ఫోమ్ వద్దు. గోడ చుట్టూ 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఖాళీ వదిలితే వానాకాలం పలకలు సాగడానికి చోటుంటుంది. ఆ ఖాళీని స్కర్టింగ్ కప్పేస్తుంది.

ఇంత చేసినా పైనుంచి పోసే నీళ్లకు అండర్‌లే అడ్డుపడదు. పండగకు బిందెలతో ఇల్లు కడిగే అలవాటున్నవాళ్లు వంటింట్లో, పూజగదిలో బండనే ఉంచుకోవడం మేలు. చెదలకూ ఇది మందు కాదు, ఆ బెడద ఉంటే ముందే మందు కొట్టించాలి. మేడమీది పడగ్గదైతే నేల చెమ్మ బాధ లేదు. కింద ఉన్నవాళ్లకు అడుగుల చప్పుడు కూడా తగ్గుతుంది.

అన్నట్టు, నేల సెంటీమీటరు పైగా లేస్తుంది. తలుపుల అడుగు కోయించడానికి వడ్రంగికి ముందే చెప్పిపెట్టండి.