ఆలోచించుటకు వేళ యేది?

"నీవు పని చేయుము, ఆలోచన పైవారు చేయుదురు" అను మాట మన కార్యాలయములలోను, కర్మాగారములలోను వేదవాక్యమువలె చెల్లుచున్నది. దీనిని నేను ఖండింపదలచితిని. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, ఉద్యోగకాలమంతయు గుమాస్తాగిరిలో గడిపినవాడను. పాండిత్యము నాకు లేదు. కాని ఫైలు ఎట్లు నడచునో, ఎట్లు పండుకొనునో మాత్రము బాగుగ నెరుగుదును.

ఫైలునకు రెండు భాగములు. ఒకవైపు వచ్చిన, పోయిన ఉత్తరములు. రెండవవైపు నోటు కాగితములు. ఈ నోటు కాగితము నెందుకు పెట్టిరి? సంగతి చదివి, నిబంధన చూచి, పూర్వమిట్టి విషయమున నేమి చేసిరో వెదకి, గుమాస్తా తన అభిప్రాయమును సకారణముగ వ్రాయుటకు. అనగా ఆలోచనకై కార్యాలయము తానే విడిచిన స్థలమది. నేడచట కనబడునదేమి? "పూర్వమువలెనే ఆమోదమునకు సమర్పింపబడినది." క్రింద ఆరు సంతకములు. నేనెరిగిన యొక కార్యాలయమున, ఎప్పుడో అమ్మివేసిన టైపుయంత్రమునకు మూడేండ్లపాటు మరమ్మతు ఖర్చు మంజూరైనది. కాగితము పోయి కంప్యూటరు వచ్చినను ఆ వాక్యము పోలేదు. మునుపటికంటె వేగముగ పోవుచున్నది, అంతే.

ఇది నవ్వి యూరకుండదగిన విషయము కాదు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున, విశాఖపట్టణమున ఆర్.ఆర్. వెంకటాపురముకడ నున్న ఎల్.జి. పాలిమర్సు కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెలువడి 12 మంది మరణించిరి. మనలో అనేకులకు బంధువులున్న పట్టణమది. ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము చూపిన లోపములను చూడుడు. తొట్టి అడుగుభాగముననే ఉష్ణోగ్రతను కొలుచుచుండిరి. చల్లబరచు యంత్రమును సాయంకాలము ఆపివేయుట అలవాటైనది. సైరను మ్రోగించుటకు 36 చోట్ల వీలుండియు మ్రోగింపలేదు. అడుగున చల్లగా నున్నంతమాత్రమున పైన చల్లగా నుండునా? స్నానపు నీళ్ళకాగులో పైనీరు ముందు వేడెక్కునని మన యింటి ఆడువా రెరుగుదురు. ఈ ప్రశ్నకు ఇంజనీరింగు పట్టా అక్కరలేదు; అంకెలు వ్రాసికొనువాడు అరగంటసేపు ఆ అంకెలను గూర్చి తలపోసిన చాలును. ఏ కర్మాగారపు పుస్తకమునందైనను అంకె వ్రాయుటకు గడి యుండును. "ఎందుకు" అని వ్రాయుటకు గడి యెక్కడ నున్నది?

తెరుబలివారికి ఇది దూరపుమాట కాదు. 1967లో ఇండియన్ మెటల్సు వారి ఫెర్రో సిలికాన్ కర్మాగారము పని ప్రారంభించిన నాటినుండి మన కుటుంబములు కొలిమిని నమ్ముకొని బ్రతికినవి. కరిగిన లోహమునకు తడి తగిలిన ఎట్లు పేలునో కొలిమికడ నిలుచువారికి తెలియును. ఇట్టి మనము పిల్లలకు చెప్పు బుద్ధి యేది? "నాయనా, మనము పరాయిచోట నున్నాము. తలవంచుకొని పని చేసికొనుము. ప్రశ్నలు మనకెందుకు?" పరాయిచోటా! 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడువరకు ఈ కొండసీమ విశాఖపట్టణపు జిల్లాలోనిదే. అది యట్లుండనిండు. ఒడియావారును, కువి మాటలాడువారును మన ప్రక్కనే నిలుచుచున్నారు. మన పిల్లవాడు చూచియు చెప్పక మ్రింగిన మాట వారి ప్రాణమునకును ముప్పే. ఇది వినయ మనిపించుకొనదు.

"తీరిక యేది? ఉత్పత్తి తగ్గదా?" యందురు. జపానులో సకిచి టొయోడా 1924లో పూర్తిచేసిన మగ్గము, నూలు తెగినతోడనే తానై ఆగును. ఆ సూత్రమునే వారి మోటారు కర్మాగారములలో ప్రవేశపెట్టి, లోపము కనిపెట్టిన పనివాడు త్రాడు లాగి పని నాపింపవచ్చునని యేర్పాటు చేసిరి. వారేమైన దివాలా తీసిరా? "చిన్న యుద్యోగికి ఆలోచన యేల?" అనువారికి వేరొక జవాబు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టున నెలకు 30 రూపాయల జీతముపై గుమాస్తాగా చేరినవాడు శ్రీనివాస రామానుజము. పైయధికారులగు నారాయణయ్యరు, సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగు అతని గణితమును చూచి కసరుటకు మారుగా చేయూత నిచ్చిరి. ప్రతి గుమాస్తాయు రామానుజమగునని నే ననను. అట్లైన జమాఖర్చు లెవరు వ్రాయుదురు?

నేను కోరునది స్వల్పము. వారమున కొక అరగంట, పని వేళలోనే, జీతము కోత లేక. ఒక ప్రశ్నల పుస్తకము. వేసిన ప్రశ్నకు వారములోపల సంతకముతో జవాబు. జవాబు "వీలుపడదు" అనియైనను సరే, కారణము వ్రాయవలెను. సెలవునాడు పిలిచి ఉపన్యాసము వినిపించుట ఇందుకు సరిపోదు; అది ఇంకొకరి ఆలోచనను మనచే మోయించుట.

మన సంఘమునను ఇదే వరుస. కార్యదర్శి ఆదాయవ్యయములు చదువుట, మనము చప్పట్లు కొట్టుట, పులిహోర పంక్తికి లేచుట. ఈ మారు లెక్కలకును చప్పట్లకును నడుమ అరగంట ప్రశ్నలకు విడువవలెనని కార్యదర్శిగారికి లిఖితపూర్వకముగ కోరియున్నాను. జవాబింకను రాలేదు.