మింగే మాత్ర నరానికెక్కితే

మింగవలసిన మాత్రను నలిపి, నీళ్లలో కలిపి, సూదితో నరంలోకి ఎక్కించుకునే దురలవాటు యువకులలో కొందరికి పట్టుకుంది. ఇది పట్నాల జాడ్యమనీ, తొండూరు మండలానికి దీనితో నిమిత్తం లేదనీ ఊరుకోవటం క్షేమం కాదు. మన పిల్లలు చదువులకు, పనులకు పులివెందుల, ప్రొద్దుటూరు, కడప మొదలుకొని హైదరాబాదు, బెంగుళూరు దాకా పోతున్నారు. అక్కడ పట్టుబడిన అలవాటు పండుగ సెలవులకు వారి వెంటే ఊరికి వస్తుంది.

ఈ భయం ఊరికే పుట్టినది కాదు. కేంద్ర ప్రభుత్వం ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులచేత జరిపించి 2019లో వెలువరించిన సర్వే ప్రకారం, దేశంలో సుమారు 8 లక్షల 50 వేల మంది మత్తు కోసం సూదులు పొడుచుకుంటున్నారు. నొప్పి మాత్ర ట్రమడాల్‌ను 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. టపెంటడాల్, కారిసోప్రొడాల్ కలిపిన మాత్రలకు ఇచ్చిన అనుమతులను 2025 ఫిబ్రవరిలో రద్దు చేశారు. ఆ మరుసటి నెలలోనే మన రాష్ట్రమంతటా మందుల దుకాణాల మీద ‘ఆపరేషన్ గరుడ’ పేరిట తనిఖీలు జరిగాయి. చీటీ లేకుండా మత్తు మాత్రలు అమ్మటమే అందుకు కారణం.

మత్తు వల్ల వచ్చే చేటు అందరికీ తెలిసినదే. తెలియని చేటు ఇంకొకటి ఉంది. మాత్రలో ఉండేదంతా మందు కాదు. బిళ్ల కట్టటానికి, యంత్రానికి అంటుకోకుండా ఉండటానికి టాల్కు, పిండి, కొయ్యగుజ్జు నుంచి తీసిన పీచుపొడి కలుపుతారు. టాల్కు అంటే మరేమీ కాదు, తాడిపత్రి వైపు తవ్వే బలపపు రాయి జాతి పొడి. మింగినప్పుడు ఇవి కడుపులోంచి పేగుల్లోకి దిగి బయటికి పోతాయి. వాటివల్ల హాని లేదు. కాని ఇవి నీటిలో కరగవు. గుడ్డతోనో దూదితోనో వడగట్టినా సన్నని నలుసులు దిగనే దిగుతాయి.

నరంలోకి ఎక్కిన నలుసు గుండె కుడివైపుకు చేరి, అక్కడినుంచి నేరుగా ఊపిరితిత్తులకు పోతుంది. అక్కడి రక్తనాళాలు వెంట్రుకకన్నా ఎంతో సన్నవి. నలుసు అక్కడే ఇరుక్కుంటుంది. చీనీ తోటకు డ్రిప్పు వేసిన రైతుకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. ఇసుక పోయి రంధ్రం మూసుకుంటే చెట్టు ఎండుతుంది. అయితే డ్రిప్పు గొట్టాన్ని ఆసిడ్ పోసి కడగవచ్చు. ఊపిరితిత్తిని కడిగే ఆసిడ్ లేదు. ఇరుక్కున్న రాతిపొడి చుట్టూ శరీరం గడ్డ కడుతుంది. దానిని వైద్యులు గ్రాన్యులోమా అంటారు. అట్లాంటివి వందలు, వేలు ఏర్పడి ఊపిరితిత్తి గట్టిపడుతుంది. రక్తం తోయలేక గుండె కుడిభాగం అలసిపోతుంది.

మొదట పొడిదగ్గు, నడిస్తే ఆయాసం. తరువాత మంచం దిగినా ఆయాసమే. సూది మానినా కొందరిలో జబ్బు ఆగక ముందుకు సాగుతుంది. లోపల చేరిన పొడిని తీసివేసే మందు లేదు. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1960, 70 దశకాలలోనే అమెరికా వైద్యులు మాత్రలు ఎక్కించుకున్న యువకుల ఊపిరితిత్తులలో ఈ పొడిని సూక్ష్మదర్శినితో చూశారు.

ఇంకొక చిక్కు ఉంది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా కొర్రగింజలంత చుక్కలు కనిపిస్తాయి. ఒక రకం క్షయలోనూ అట్లాంటి చుక్కలే ఉంటాయి. కుర్రవాడు సిగ్గుతో సూది సంగతి దాచితే, వైద్యుడు క్షయ అనుకొని నెలల తరబడి మందులు ఇచ్చే ప్రమాదం ఉంది. ఆ నెలలలో సూది ఆగదు, జబ్బు తగ్గదు. కాబట్టి డాక్టరు ముందు నిజం చెప్పటం ప్రాణావసరం. ఒకరి సూది ఇంకొకరు వాడితే ఎయిడ్సు, కామెర్లు తెచ్చే క్రిములు కూడా అంటుకుంటాయి.

‘సూది వేస్తేగాని తగ్గదు’ అనే నమ్మకం మన పల్లెలలో ఎప్పటినుంచో ఉంది. జ్వరానికీ సూదే, నడుం నొప్పికీ సూదే. పెద్దలం మనమే ఆ నమ్మకాన్ని పెంచి, ఈనాడు పిల్లలను మాత్రమే తప్పుపట్టటం న్యాయం కాదు. మింగేది మింగటానికే, సూదిమందు సూదికే అని ఇంటిలో పెద్దలు ముందు తెలుసుకోవాలి. అట్లాగని నొప్పి మాత్రలంటే భయపడవలసిన పనిలేదు. డాక్టరు చెప్పినట్లు మింగితే అవి ఎందరో రోగులకు ఊరట.

చేయవలసినది చాలా ఉంది. 2014 నుంచి అమలులో ఉన్న హెచ్1 నిబంధన కింద వచ్చే మందులకు రోగి పేరు, డాక్టరు పేరు దుకాణదారుడు పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకాలను ఔషధ తనిఖీ అధికారులు జిల్లా కేంద్రంలో కూర్చొని కాక, పల్లె దుకాణాలకు వచ్చి చూడాలి. పంచాయతీలు ఒక గ్రామసభలో ఈ విషయం చర్చకు పెట్టాలి. ఉపాధ్యాయులు, ఆశా కార్యకర్తలు పిల్లలకు, తల్లులకు చెప్పాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. మోచేతి మీద సూది గాట్లు, ఎండలోనూ నిండు చేతుల చొక్కా, ఇంటిలో డబ్బు మాయం కావటం కనిపిస్తే కొట్టి గదిలో పెట్టవద్దు. ఒక్కసారిగా మానితే వాంతులు, ఒళ్లు నొప్పులు, నిద్రలేమి వచ్చి కుర్రవాడు మళ్లీ సూది పడతాడు. వ్యసనం మాన్పటానికి వైద్యుని పర్యవేక్షణలో ఇచ్చే మందులున్నాయి. 14446 నంబరుకు ఫోను చేస్తే సలహా ఇస్తారు. అమ్మకాల సమాచారం రాష్ట్ర ఈగల్ పోలీసు విభాగానికి 1972 నంబరులో తెలుపవచ్చు.

పరువు పోతుందని దాచిన ఇంట్లో ముందు పోయేది పరువు కాదు, బిడ్డ. ఊపిరి నిలబడి ఉండగానే నోరు విప్పటం మేలు.